గార్డు బోగీ

జనవరి వచ్చిందంటే మా ఆయన గొంతుకు పని దొరికేది. ఎర్నెస్ట్ నాంపల్లి స్టేషన్లో విచారణ కిటికీ దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. రైళ్ల రాకపోకలు మైకులో చెప్పీ చెప్పీ ఆయన గొంతు ఒక తీరుకు వచ్చింది. రిటైరయ్యాక ఆ గొంతుతో చేసేదేమీ లేక, పప్పులో ఉప్పు తక్కువైందన్న మాట కూడా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ వాళ్లందరికీ వినపడేటట్టు చెప్పేవారు. ఏటా జనవరిలో నాంపల్లిలో పెట్టే నుమాయిష్ ఎగ్జిబిషన్ మైదానంలో తప్పిపోయిన పిల్లలను కూర్చోబెట్టే మైకు గదిలో ఎవరో ఆయనకు చోటిచ్చారు. ఆ తర్వాత ప్రతి శీతాకాలం అక్కడే. తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, ఎవరి పిల్ల ఏ రంగు స్వెటరు వేసుకుని తన పక్కన ఏడుస్తూ కూర్చుందో ఊరందరికీ చెప్పేవారు. తల్లి పరుగెత్తుకుంటూ వచ్చి పిల్లను ఎత్తుకుని ముందు ఒక దెబ్బ వేసేదట, తర్వాత ముద్దు పెట్టుకునేదట. ఆ వరస ఎన్నడూ మారలేదని ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పేవారు.

ఆయన పోయింది అలాంటి ఒక సీజన్లోనే. ఆయన లేరన్న బాధ పక్కన నాకు ఇంకో బాధ ఉండేది. గుండె నొప్పి వచ్చి, నాంపల్లిలో కూర్చుని, చేతిలో ఫోన్ ఉండి, మమ్మల్ని ఒక్కసారి కూడా ఎందుకు పిలవలేదు? ఇంట్లో నేనున్నాను. అమ్మాయి ఉంది. మా ఇల్లున్న అబిడ్స్ నుంచి అక్కడికి ఎంత దూరమని.

*

మా అమ్మాయి జిప్పోరా ఒక మొబైల్ కంపెనీలో నెట్‌వర్క్ ఇంజనీరు. ఆ ఏడు నాంపల్లి చుట్టుపక్కల ఏర్పాట్లు ఆమె బృందానికి అప్పగించారు. క్రిస్మస్ వెళ్లిన రెండో రోజో మూడో రోజో, అన్నాల దగ్గర ఆయన మొదలుపెట్టారు.

"ఆదివారం నుమాయిష్‌ల ఫోన్ కలువది గదనే జిప్పీ. పిల్ల దొరికిందని తల్లికి చెప్దామంటే నాది కలువది, ఆమెది కలువది. మీ కంపెనీ ఏం చేస్తున్నట్టు?"

"ఈసారి కలుస్తది డాడీ. స్లైసులు చేస్తున్నం."

"ఏంది, బ్రెడ్డా?"

"ఔ, బ్రెడ్డే. జామ్ రాసిస్త, తిను."

తండ్రీకూతుళ్లు అలాగే మాట్లాడుకునేవారు. నేను మజ్జిగ పోస్తూ వింటున్నాను.

"నీకు రైలు భాషల చెప్త విను," అంది. "పట్టా ఒక్కటే, ఇంజను ఒక్కటే. బోగీలు వేరే. దుకాణాల పేమెంట్ మిషన్లకు ఒక బోగీ. కెమెరాలకు ఒకటి. జనానికి జనరల్ బోగీ. జనరల్‌ల ఎంత తొక్కులాట ఉన్నా, పేమెంట్ బోగీల సీటు సీటే. ఒకదాని రద్దీ ఇంకోదానికి తగలదు. గదే స్లైసంటే."

"రద్దీ పెరిగితే?"

"బోగీలు వాటంతటవే పెరుగుతయ్. ఇదివరకటి లెక్క ఎక్స్ఛేంజ్‌ల పెద్ద పెద్ద పెట్టెలు లేవు డాడీ ఇప్పుడు. అంతా సాఫ్ట్‌వేరే, ఏడనో కంప్యూటర్ల మీద నడుస్తుంటది. అవసరముంటే కొత్తయి పుడతయ్, లేకుంటే పోతయ్. ఎవ్వరూ చెయ్యి పెట్టే పని లేదు."

"పోయే బోగీల కూసున్నోడు?"

"ఖాళీగున్నయే పోతయ్."

ఆయన ముద్ద కలుపుతూ ఆలోచించారు. "మా రైల్వేల గిట్ల పెడితే గార్డులందరు ఇంట్ల కూసుని ముగ్గులేసుకోవాలె," అన్నారు.

అంతకుముందు ఏడాదే ఆయనకు గుండెలో స్టెంట్ వేశారు. ఈసారికి మైకు మానేయమని నేను అడిగాను. మానేస్తే నొప్పి రాకముందే పోతానన్నారు. అప్పుడు జిప్పోరా నా వైపు తిరిగి, "మమ్మీ, నువ్వు ఫికర్ చెయ్యకు," అంది. తండ్రి ఫోన్ తీసుకుంది.

"మా టీముకు పరీక్షలు చేసుకునేటందుకు చిన్న స్లైస్ ఒకటుంది. గార్డు బోగీ అనుకో. దాంట్ల మేము నలుగురమే. నీ సిమ్ము దాంట్ల ఎక్కిస్త. ఊరంత గుంపున్నా నీ ఫోన్ నాకు ఒక్క రింగుల కలుస్తది. కని ఎవ్వరికీ చెప్పొద్దు. బయటోళ్లను ఎక్కియ్యద్దు మేము."

"గార్డు బోగీల స్టాఫ్ తప్ప ఎవ్వరు ఎక్కొద్దు. ఆ రూలు నాకు చెప్తున్నవా?" అన్నారు ఆయన, చాలా గంభీరంగా.

నుమాయిష్ తెరిచిన మర్నాటికల్లా నాంపల్లిలో ఆ సంగతి తెలియని మనిషి లేడు. మైకు గదిలో తోటివాడు అంజన్‌కు తెలుసు, చాయ్ తెచ్చేవాడికి తెలుసు, మెట్రో మెట్ల కింద ఉడకబెట్టిన పల్లికాయ అమ్మే కిష్టవ్వకు తెలుసు. గుంపు బాగా ఉన్నప్పుడల్లా నాకు ఫోన్ చేసేవారు.

"కలిసిందా?"

"కలిసింది."

"గార్డు బోగీ. పెట్టేస్తున్న."

అంతే. అందుకోసమే చేసేవారు. స్కూల్లో క్లాసు చెప్తున్నప్పుడు కూడా నేను బయటికొచ్చి ఎత్తేదాన్ని.

*

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి ఆయన భోంచేసి వెళ్లారు. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. జిప్పోరా ఎదురుగా కూర్చుని లాప్‌టాప్ చూస్తోంది. సెలవు రోజుల్లో రద్దీ ఎక్కువ కాబట్టి ఇంటి నుంచే కనిపెట్టుకుని ఉండాలట. ఒకసారి తనలో తను నవ్వుకుని, "మమ్మీ, చూడు ఎంత మంచిగ పని చేస్తున్నదో," అంది. నేను కళ్లజోడు సర్దుకుని చూశాను. రంగు రంగుల గీతలు. "బాగుంది," అన్నాను.

పొద్దు గూకుతుండగా అంజన్ నుంచి నాకు ఫోన్ వచ్చింది. సారుకు బాగాలేదు, అంబులెన్సులో తీసుకుపోయారు అన్నాడు. మేం దవాఖానకు చేరేసరికి ఆయన లేరు. డాక్టరు మర్యాదగా చెప్పింది. ఆయన చొక్కా జేబులో ఉన్నవన్నీ ఒక కవరులో వేసి జిప్పోరా చేతికిచ్చారు.

"డాడీ ఫోను?" అన్నాను.

"పడ్డట్టుంది మమ్మీ. పగిలింది. ఆన్ అయితలేదు."

నారాయణగూడలో భూస్థాపన చేశాం. తర్వాత ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరుగారు మంచి మాటలే చెప్పారు. "మన సహోదరుడు ఎవ్వరినీ కష్టపెట్టలేదు. ఎవ్వరినీ పిలిచి ఇబ్బంది పెట్టలేదు. నిశ్శబ్దంగా ప్రభువు దగ్గరికి వెళ్లారు," అన్నారు. స్త్రీల సమాజం వాళ్లు నా చుట్టూ కూర్చుని ఉన్నారు. అందులో పెద్దామె నా చెయ్యి పట్టుకుని, "అట్ల పోవుడు అదృష్టమమ్మా ఫ్లోరా," అంది.

"ఒక్కసారి పిలిస్తే ఏం పోయేదండీ," అన్నాను. "తప్పిపోయిన పిల్లల కోసం ఊరందరినీ పిలిచేవారు. మమ్మల్ని పిలవలేదు. మేము యాదికి రాలేదా?"

జిప్పోరా అప్పుడు చాయ్ కప్పుల పళ్లెం పట్టుకుని నా ముందే నిలబడి ఉంది. నా మాట మొత్తం విన్నది. "తీసుకో మమ్మీ, చల్లారుతది," అంది.

ఆ మాట నేను ఆ నెలలో చాలామందితో అన్నాను. స్కూల్లో అన్నాను, ఫోన్లో అన్నాను, భోజనం దగ్గర జిప్పోరాతోనే అన్నాను. "నొప్పి ఎక్కువైతే తోచదు మమ్మీ," అనేది. ఒక్కోసారి అది కూడా అనకుండా లేచి వెళ్లిపోయేది. తండ్రి మీద బెంగ అనుకున్నాను.

*

సీజన్ చివరి రోజుల్లో, ఆయన టిఫిన్ డబ్బా మైకు గదిలోనే ఉండిపోయిందని అంజన్ కబురు పెడితే, స్కూలు అయ్యాక నాంపల్లి వెళ్లాను. డబ్బా కడిగి పెట్టాడు. తీసుకుని వస్తుంటే మెట్రో మెట్ల కింద నుంచి ఒక ముసలామె పిలిచింది.

"టీచరమ్మా. ఇటు రా. నువ్వు సారు ఇంటామెవు గద?"

కిష్టవ్వ. బుట్ట పక్కన గోనె పట్టా దులిపి నన్ను కూర్చోమంది. అది ఆయన కూర్చునే చోటట. పల్లికాయ దోసెడు తీసి నా కొంగులో పోసింది.

"ఆ దినం గీడనే కూసుండె. చెమటలు పడుతున్నయ్. నీళ్లిచ్చిన. నూట ఎనిమిదికి కొట్టు సారూ అన్న. 'గ్యాసే కిష్టవ్వా, నా బిడ్డ వస్తది, దగ్గర్నే ఇల్లు,' అన్నడు. ఫోను చెవుకు పెట్టుకునుడు, తీసుడు, మల్ల పెట్టుకునుడు."

"ఎవరికి చేశారు?" అన్నాను.

"ఇంకెవరికి? ముందు బిడ్డకు కొట్టె. ఆనక 'టీచర్‌కు కొడత' అని నీకు కొట్టె. మల్ల బిడ్డకు. కలువకపాయె. సిగ్నల్ లేదా సారూ అంటే నాకు సూపెట్టిండు. 'పూర ఉన్నది సూడు, గీతలన్నీ ఉన్నయ్,' అన్నడు. నా డబ్బా ఫోను ఇయ్యవోయిన తల్లీ. తీసుకోలే. నవ్విండు. 'నీది జనరల్ బోగీ కిష్టవ్వా, నాది గార్డు బోగీ. నా బిడ్డ ఎక్కిచ్చింది. జర ఆగు, కలుస్తది,' అన్నడు."

మెట్ల మీద జనం దిగుతున్నారు. ఆమె ఇద్దరికి పొట్లాలు కట్టి ఇచ్చి మళ్లీ నా వైపు తిరిగింది.

"మీ ఫోన్ కలిసేదా?"

"ఎందుకు కలువది? సారు ఒరిగినంక అంజన్‌కు కొట్టింది నేనే గద. ఒకపారి బిజీ అన్నది, రెండోపారికి కలిసె."

"ఆయన ఫోన్ కింద పడి పగిలిందన్నారు."

"ఎవలన్నరు?" కిష్టవ్వకు కోపం వచ్చింది. "చేతులకెల్లి జారుతుంటే నేనే పట్టుకున్న. అంబులెన్సుల ఎక్కిస్తుంటే నేనే జేబుల పెట్టిన. గీత సుత పడలే. నేను పడగొట్టిన్నంటున్నరా ఏంది?"

"లేదమ్మా. ఎవరూ అనలేదు."

నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా నడిచి వచ్చాను. ఆటోలవాళ్లు పిలుస్తున్నా ఎక్కలేదు. ఆయన మమ్మల్ని పిలిచారు. ముందు బిడ్డను, తర్వాత నన్ను. కొంచెం దూరం సంతోషంగానే నడిచాను. స్టేషన్ దాటాక ఇంకో సంగతి అర్థం కావడం మొదలైంది: పగలని ఫోన్‌ను పగిలిందని నాకు చెప్పింది జిప్పోరా.

ఇంటికి వచ్చేసరికి జిప్పోరా ఉంది.

"ఏడికి పోయినవ్ మమ్మీ?"

"నాంపల్లి. డాడీ డబ్బా తెచ్చుకున్నా."

ఆమె చేతిలో ఉన్న గ్లాసు బల్ల మీద పెట్టింది. చాలా నెమ్మదిగా పెట్టింది.

"ఎవరన్న కలిసిన్రా?"

"అంజన్ కలిశాడు. కిష్టవ్వ కలిసింది."

నేను ఆగాను. క్లాసులో తప్పు చేసిన పిల్ల లేచి నిలబడినప్పుడు, చెప్పడానికి కొంచెం సమయం ఇస్తాను. అలా ఇచ్చాను. ఆమె నా ముఖం చూసింది, డబ్బా చూసింది.

"ఇటియ్యి, లోపల పెడత," అంది.

ఆ రాత్రి చెప్తుందనుకున్నాను. చెప్పలేదు. మర్నాడు చెప్తుందనుకున్నాను. నేను అడగదలచుకోలేదు. అడిగి చెప్పించుకున్న నిజం ఎంత పలచగా ఉంటుందో ఇన్నేళ్ల ఉద్యోగంలో చూశాను. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే చారు పోసుకుని, ఆయన పేరు తీయకుండా తిన్నాం.

*

నుమాయిష్ ముగిసిన వారం, జిప్పోరా ఆఫీసులో ఆమె పైఅధికారి రత్నాకర్ పలకరించడానికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. పండ్లు తెచ్చాడు. ఇన్నాళ్లూ రాలేకపోయినందుకు రెండుసార్లు క్షమాపణ అడిగాడు.

"మీ అమ్మాయి వల్లనే ఆంటీ ఈ సీజన్ గట్టెక్కింది," అన్నాడు చాయ్ తాగుతూ. "ఇంత దుఃఖంల సుత ఆమె పని ఆగలే. ఇప్పుడు మా వాళ్లు ఇదే పద్ధతిని వేరే ఊర్లల్ల పెడదామంటున్నరు. ఆమెనే ముందుండి నడపాలని నేను చెప్పిన."

"సంతోషం బాబూ," అన్నాను.

"ఆ ఆదివారం సంగతే తీసుకోండి." అది మా ఆయన పోయిన ఆదివారమని అతనికి గుర్తు లేదు. "జనం మేమనుకున్నదానికి రెండింతలు. ఒక్క పేమెంట్ మిషన్ ఆగితే ఒట్టు. సిస్టం దానంతట అదే చూసుకున్నది. అన్నిటికన్న తక్కువ అవసరం ఏదో దాన్ని తీసి పక్కకు పెట్టి, ఆ జాగ దుకాణాలకు ఇచ్చింది. రద్దీ తగ్గినంక మల్ల తెచ్చి పెట్టింది. మేము వేలు కదపలే."

"తీసేసింది ఏది?" అన్నాను.

"మాదే ఆంటీ. టెస్ట్ స్లైస్."

"అందులో ఎవరున్నారు?"

"ఎవ్వరు లేరు. ఖాళీది. అందుకే కంప్లయింట్ సుత రాలే."

జిప్పోరా వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. నేను ఆమె వైపు చూడలేదు.

"ఒకళ్లున్నరు సార్," అంది.

రత్నాకర్ నవ్వబోయి ఆగాడు. "ఎవరు?"

"మా డాడీ. ఆయన సిమ్ము నేనే పెట్టిన. రద్దీల కూడ కలుస్తదని. దాన్ని అన్నిటికన్న కింద పెట్టింది కూడ నేనే. మనం నలుగురమే గదా అని. దాంట్ల తప్ప ఇంకోదాంట్ల ఎక్కే వీలు లేకుండ పెట్టిన. ఆ దినం అది పోవుడు నేను స్క్రీన్ మీద చూసిన. మంచిగ పని చేస్తున్నదని మమ్మీకి చూపెట్టిన."

చాయ్ కప్పు ఎక్కడ పెట్టాలో అతనికి తెలియలేదు. నేను చెయ్యి చాచి తీసుకున్నాను.

"జిప్పోరా," అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వు ఈ మాట అనలే. నేను వినలే. సరేనా?"

"మీరు విన్నరు సార్."

"వింటే పైకి చెప్పాల్సి వస్తది. బయటి మనిషిని ఎక్కిచ్చినవంటే ఏమైతదో నీకు తెలుసు."

"చెప్పండి."

అతను నా వైపు చూశాడు, నేనేదైనా సర్దిచెప్తానేమోనని. నేను కప్పు పట్టుకుని కూర్చున్నాను. చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర మళ్లీ ఒకసారి క్షమాపణ అడిగి వెళ్లిపోయాడు.

నాంపల్లి నుంచి వచ్చిన రాత్రి నుంచి నేను ఎదురుచూసిన మాట. అది ఆమె నాకు చెప్పలేదు. ఆఫీసుకు చెప్పింది. నేను ఆ గదిలో ఉన్నాను కాబట్టి విన్నాను.

"నీకు తెలుసు కదా మమ్మీ," అంది. "కిష్టవ్వ చెప్పింది కదా."

"ఆమె చెప్పింది."

"ఫోన్ దవాఖానల్నే చూసిన. కాల్సన్నీ ఉన్నయ్. నీకు చూపెడితే నా మొకం చూడవనుకున్న. తర్వాత చెప్దామనుకున్న. తర్వాత తర్వాత ఇంక..." ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుంది. "ఆయన మంచికే పెట్టిన మమ్మీ."

"తెలుసు."

"అయితే ఏమన్న అను. తిట్టు."

నాకు తిట్టడం రాదు. మాటలు వెతుక్కుని చెప్పాను.

"బోగీ పోయినందుకు నేను నిన్ను ఏమీ అనను. అది ప్రేమతో చేసిన పని. కానీ ఆయన పిలిచారని తెలిస్తే, పిలిచినా మనకు అందలేదని ఏడ్చేదాన్ని జిప్పీ. నువ్వు నన్ను నెల్లాళ్లు, ఆయన పిలవనే లేదని ఏడవనిచ్చావు. చాయ్ తెచ్చి ఇచ్చి మరీ."

ఆమె ముఖం కప్పుకుంది. నేను వెళ్లి తల నిమిరి ఉండవచ్చు. కప్పు కడగడానికి లోపలికి వెళ్లాను.

*

కంపెనీవాళ్లు ఆమెను రెండుసార్లు పిలిచి కూర్చోబెట్టి అడిగారు. మార్చిలో ఒకరోజు, ఎండ ముదరకముందే ఇంటికి వచ్చేసింది. నాకు ఆ రోజు స్కూలు లేదు. మంచం మీద బ్యాగు పెట్టి నిలబడింది.

"తీసేసిన్రు మమ్మీ."

"ఏమని?"

"బయటి మనిషి సిమ్ము పెట్టినందుకు. రూలు తప్పిన్నని."

"డాడీ సంగతి?"

"అది అడగలే. నేను చెప్పబోతే, అది ఈ విచారణల రాదన్నరు. ఆ రోజు కస్టమర్లు ఎవ్వరికీ ఇబ్బంది కాలేదని రాసుకున్నరట. అట్లనే ఉంచిన్రు."

కూర్చోమన్నాను. కూర్చుంది. మంచినీళ్లు ఇచ్చాను. తాగింది. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పటి ముఖంలా ఉంది ఆమె ముఖం. ఆ ముఖం చూస్తే నాకు ఎప్పుడూ జాలి వేసేది. ఆ రోజు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. ఆయనను లెక్కలోకి తీసుకోనందుకు కంపెనీ మీద కోపం వచ్చింది, అది సులువుగానే వచ్చింది. నా బిడ్డ మీద జాలి మాత్రం రాలేదు.

"ఏమన్న తింటావా?" అన్నాను.

"నా మీద ఇంకా కోపముందా మమ్మీ?"

"లేదు," అన్నాను.

అది నిజం కాదు. ఆ సంగతి ఇప్పటికీ ఆమెకు చెప్పలేదు.